ఒక 'న' తగ్గిన నా రాక్ ఆల్బమ్

ఆ రోజుల్లో కోనసీమ మొత్తం మీద నాకంటే ముందు ఎవరికీ కోపం రాలేదని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో బీఈడీ పట్టా, చర్చిలో నేర్చుకున్న గిటారు, ఫోన్లో కొత్తగా చవగ్గా దొరుకుతున్న నెట్టు. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం రాజోలు వీధుల్లో నడుస్తుంటే నా చుట్టూ మంటలు లేస్తున్నట్టే ఉండేది. (ఆ మంటలు ఇంకెవరికీ కనిపించేవి కావు. "ఏమ్మా, ఒంట్లో బాలేదా? మొహం అలా పెట్టేవేంటి?" అని మాత్రం అడిగేవారు.) ఎక్కడో చలి దేశాల్లో జుట్టు విరబోసుకుని, గిటారు నేలకేసి బాదే గాయకుల పాటలు చెవుల్లో పెట్టుకుని మధ్యాహ్నాలన్నీ గడిపేదాన్ని. వాళ్ళ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు. కోపం మాత్రం పూర్తిగా అర్థమయ్యేది.

నా కోపం ఎవరి మీదంటే మా నాన్నగారి మీద. ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు తెలుగు మాస్టారు. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది, "బావుందండి, తప్పకుండా వస్తాం" అని ఆ శుభలేఖే తిరిగి ఇచ్చేసే మనిషి. నేను టీచరు పోస్టుల పరీక్షకి చదవాలని ఆయన, పాటలు రాసి పాడుకోవాలని నేను. ఈ విషయం మీద మా ఇంట్లో ఏడాది పాటు యుద్ధం జరిగింది. యుద్ధమంటే కేకలూ పెడబొబ్బలూ అనుకునేరు. మా నాన్నగారికి కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. మామూలుగా నన్ను "ఏమే" అనే మనిషి, కోపం రాగానే "మీరు" అంటారు. ఇంకా ముదిరితే "అమ్మాయిగారు" అంటారు. "అమ్మాయిగారు ఇవాళన్నా పుస్తకం తీసేరా అండీ, లేకపోతే ఆ తీగలే గోకుతా కూచున్నారా?" అని పొద్దున్నే అడిగితే నేను కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి పోయేదాన్ని. తిట్టిన తండ్రి మీద తిరగబడొచ్చు గానీ, అండీ అన్న తండ్రి మీద ఎలా తిరగబడతాం? మా అమ్మ ఆస్పత్రిలో నర్సు. "ముందు ఇద్దరూ తినెయ్యండి, తరవాత పోట్లాడుకుందురు గాని. నాకు డ్యూటీకి టైమవుతంది" అని బ్యాగు తీసుకుని వెళ్ళిపోయేది.

అందుకని రాక్ ఆల్బమ్ ఒకటి చేసి ఆయన సంగతి తేల్చేద్దామనుకున్నాను. ఎనిమిది పాటలు. రాసేది నేనే, బాణీ కట్టేది నేనే, పాడేది నేనే. మొదటి పాట మొదటి లైను "నోరు మూసుకో" అని రాశాను. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. గిటారు పట్టుకుని పాడబోతే గొంతు దాటి రాలేదు. కళ్ళ ముందు నాన్నగారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నారు. కన్నతండ్రిని పట్టుకుని మూసుకో ఏమిటి, ఛ, అనిపించి "నోరు మూసుకోండి" అని మార్చాను. అంతే. ఆ ఒక్క అండీకి చోటిచ్చేసరికి మిగతావన్నీ గోదారి గట్టు తెగినట్టు వచ్చిపడ్డాయి. "తలుపు తియ్యండి", "నా దారికి అడ్డు లేవండి", "ఆ ఎర్ర పెన్ను నాకొద్దండి" అంటూ పాటల పేర్లన్నీ అలాగే తయారయ్యాయి. ఇంత మర్యాదగా తిరగబడిన రాక్ గాయని భూమ్మీద ఇంకొకతె ఉండి ఉండదు. అన్నిటికంటే భయంకరమైన పాట పేరు "విననండి". మీ మాట నేను వినను, విననంటే విననండి అని అర్థం. ఆల్బమ్‌కి కూడా అదే పేరు పెట్టాను. పేరు రాసుకున్న రోజు అద్దం ముందు నిలబడి ఆ మాటని పది రకాలుగా అరిచి చూసుకున్నాను.

బృందంలో నాతో కలిపి ముగ్గురం. మా పెదనాన్నగారి అబ్బాయికి మామిడికుదురులో టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, మైకులు, జనరేటరు అద్దెకిస్తాడు కాబట్టి ఊరందరికీ జనరేటర్ అన్నయ్య. బాస్ గిటారు తను వాయిస్తానన్నాడు. (దానికి నాలుగే తీగలుంటాయని విని, అయితే సులువేగా అన్నాడు.) డ్రమ్ములకి మాత్రం మనిషి దొరకలేదు. చివరికి పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళంతో వాయించే ఒక బాబాయిని అన్నయ్యే పట్టుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, బక్క పలచటి చేతులు, ఆ చేతుల్లో పిడుగులు. అప్పుడు ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు గనక బాబాయికి ఖాళీ, అన్నయ్య సామానంతా గోడౌన్లో ఖాళీ. ఆ గోడౌనే మా స్టూడియో. విడిది ఇళ్ళకి పంపే పరుపులన్నీ గోడలకి ఆనించి, పైన షామియానా గుడ్డలు కట్టి, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర మఖమలు సింహాసనంలో నన్ను కూర్చోబెట్టి, నా మొహం ముందు మైకు పెట్టాడు అన్నయ్య. రేకుల కప్పు. వాన పడితే ఆగిపోవాలి. వాన తగ్గగానే "ఆయ్, తెరిపిచ్చిందండి, కోపం తెచ్చేసుకోండి!" అని అన్నయ్య అరిస్తే, నేను కళ్ళు మూసుకుని నాన్నగారిని తలుచుకుని, కోపం తెచ్చుకుని పాడేదాన్ని.

బాబాయితో ఒకటే చిక్కు. ప్రతి పాటా ఉరుములా మొదలెట్టేవాడు. చివరికి వచ్చేసరికి అది పెళ్ళి ఊరేగింపు అయిపోయేది.

"బాబాయ్, ఇది కోపం పాట. ఊరేగింపు కాదు" అన్నాను ఏడుపుగొంతుతో.

"తెలుసమ్మా. కోపంగానే మొదలెడతన్నాను గదా. పోనుపోనూ చేతులు వాటంతటవే పెళ్ళికొడుకు కారు ముందుకి ఎళ్ళిపోతన్నాయమ్మా. ముప్పయ్యేళ్ళ అలవాటు" అన్నాడు, కర్రల వంక తప్పు చేసిన పిల్లల్ని చూసినట్టు చూస్తూ.

ఆ నెల రోజులూ నేను స్నేహితురాలి ఇంట్లో పరీక్షకి చదువుకుంటున్నానని ఇంట్లో అబద్ధం చెప్పాను. రాజోలులో ఒక కళ్యాణ మండపం ఆషాఢం గనక ఊరికే పడి ఉంది. అన్నయ్య దాని యజమానిని బతిమాలి, ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఖాయం చేశాడు. ఆ మర్నాడు సోమవారం పరీక్ష దరఖాస్తుకి ఆఖరి రోజు. నాన్నగారు నా వివరాలన్నీ చక్కటి చేతిరాతతో ఒక కాగితం మీద రాసి, నేను సంతకం పెట్టాల్సిన చోట చిన్న చుక్క కూడా పెట్టి, నా బల్ల మీద ఉంచారు. నేను ఆ చుక్కని వారం రోజులుగా చూస్తున్నాను. ఆదివారం అందరి ముందూ విననండి అని అరిచేసి, సోమవారం సంతకం పెట్టకుండా ఊరుకోవడం నా పథకం. ఆ తరవాత నాన్నగారు జన్మలో మళ్ళీ నన్ను "ఏమే" అంటారో లేదో తెలీదు. ఆ ఆలోచన వస్తే మాత్రం రాక్ గాయని ఆ కాగితాన్ని పుస్తకం కింద దాచేసేది.

శుక్రవారం పొద్దున్న రాజోలు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. అన్నయ్య అమలాపురంలో అచ్చు వేయించుకొచ్చాడు. పరుగెత్తుకుంటూ వెళ్ళి చూశాను. జుట్టు మొహం మీద పడి, పళ్ళు బిగించి, గిటారు గొడ్డలిలా పట్టుకున్న నా ఫోటో. కింద దండం పెడుతున్న చేతులు, రెండు మందారాలు, "అందరూ ఆహ్వానితులే" అన్న ముక్క. (ఫ్లెక్సీ షాపువాళ్ళు ఇవి అలవాటుకొద్దీ వేసేస్తారు.) మధ్యలో అడుగెత్తు అక్షరాలతో "వినండి".

తాడు కడుతున్న అన్నయ్య చొక్కా పట్టుకుని లాగాను. "అన్నయ్యా, న ఏది?"

"ఏ నా?"

"విననండిలో ఒక న, ఒక నం ఉండాలి. ఇక్కడ నం ఒక్కటే ఉంది!"

"నేను రెండూ రాసే పంపేను చెల్లెమ్మా, ఒట్టు. ఇదిగో చూడు" అని ఫోన్ తీసి చూపించాడు. నిజమే, రెండూ ఉన్నాయి. ఎక్కడో దారిలో ఒకటి రాలిపోయింది. మీ మాట చచ్చినా వినను అని నేను లోకానికి ప్రకటించబోతే, దయచేసి నా మాట వినండి అని లోకాన్ని బతిమాలినట్టు అయింది. "పోనీ పైనెక్కి పెయింటుతో రాసెయ్యనా?" అన్నాడు అన్నయ్య. ఈలోగా గొడుగేసుకుని ఒక పెద్దాయన వచ్చి, నా ఫోటోనీ, అడుగెత్తు "వినండి"నీ చాలాసేపు చూసి, "చెవుల డాక్టరుగారు ఏ రోజొస్తారండీ?" అని అడిగారు. అన్నయ్య తాడు బిగించే హడావుడిలో సరిగ్గా వినిపించుకోకుండానే "ఆదివారం నాలుగింటికండి, తప్పకుండా రావాలండి" అనేశాడు.

ఆ సాయంత్రం నాన్నగారు స్కూలు నుంచి వచ్చేది సెంటర్ మీదుగానే. అన్నం దగ్గర కూర్చున్నాం. ఆయన పప్పు కలుపుకుని, రెండు ముద్దలు తిని, తలెత్తకుండానే అడిగారు: "ఎల్లుండి ఎన్నింటికండీ అమ్మాయిగారూ?"

"నాలుగింటికండి" అన్నాను. ఆయన తలూపి మజ్జిగ పోసుకున్నారు. శనివారం కూడా ఆ ఊసెత్తలేదు.

ఆదివారం మూడున్నరకే మండపం నిండిపోయింది. నేను ఊహించుకున్న జనం వేరు, వచ్చిన జనం వేరు. చర్చివాళ్ళు, చుట్టాలు, వీధివాళ్ళు, అమ్మతో పాటు ఆస్పత్రివాళ్ళు. అమ్మ బండారులంక నేత చీర కట్టుకుని పెళ్ళిపెద్దలా తలుపు దగ్గర నిలబడి అందరినీ "రండి, రండి, ముందుకెళ్ళండి" అంటోంది. రెండో వరసలో గొడుగు పెద్దాయన, ఒళ్ళో పాత రిపోర్టుల సంచి. మొదటి వరస మధ్యలో నాన్నగారు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్ను, చేతిలో చిన్న నోటు పుస్తకం. ఆయనకి అటూ ఇటూ స్కూలు మాస్టర్లందరూ. ఆయనే వెంటబెట్టుకొచ్చారట. నలుగురిలో నా పరువు తియ్యడానికే అనుకున్నాను.

మొదటి పాటకి జనం పెళ్ళిలో మంత్రాలు వింటున్నట్టు కూర్చున్నారు. రెండో పాటకి ఒక పసివాడు ఏడ్చాడు. మూడో పాటలో నాన్నగారు ఏదో రాసుకున్నారు. నాలుగో పాటలో కరెంటు పోయి, అన్నయ్య బాస్ గిటారు కింద పెట్టి పరుగెత్తి జనరేటరు వేసొచ్చాడు. (ఈ పనిలో మాత్రం అన్నయ్యని మించినవాడు లేడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు మొదటి చప్పట్లు అవే.) ఆ కోపంతో "విననండి" ఎత్తుకున్నాను. నాలో ఉన్న మంటంతా తెచ్చి గొంతులో పెట్టి అరిచాను: "విననండీ!"

ఆ హాల్లో ప్రతిధ్వని ఎక్కువ. మధ్యలో న ఎక్కడ మునిగిపోయిందో, జనానికి వినపడింది "వినండీ" అని. అసలే ఫ్లెక్సీ చూసి వచ్చినవాళ్ళు. ఆడపిల్ల అంతలా అడుగుతుంటే పలక్కుండా కూర్చోవడం మా వైపు మర్యాద కాదు. వెనక నుంచి ఒక గొంతు గట్టిగా పలికింది: "ఆయ్! వింటన్నామండి!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "విననండీ!" అని ఇంకా పెద్దగా అరిచాను.

"ఆయ్!" అంది ఈసారి సగం హాలు. "వింటన్నామండి!"

మూడోసారికి హాలంతా ఒక్కటై పలికింది. ఆ "ఆయ్" నా గుండెకి వచ్చి తగిలింది. అంతవరకూ నేను పాటలు గోడలకీ, పరుపులకీ, అద్దానికీ పాడాను. పాట అటు వెళ్ళి మనుషుల్ని తాకి ఇటు తిరిగి రావడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. బాబాయి కూడా ఊపులో పడ్డాడు. ఆయన చేతులు పెళ్ళికొడుకు కారు ముందుకి వెళ్ళిపోయాయి, ఈసారి నేనూ ఆపలేదు. ఆస్పత్రి నర్సమ్మలు లేచి చప్పట్లు కొడుతున్నారు. లెక్కల మాస్టారు భుజాలు ఎగరేస్తున్నారు. నేను అరుస్తున్నాను, వాళ్ళు పలుకుతున్నారు. నాలుగు నిమిషాల పాట పావుగంట సాగింది. మధ్యలో ఎక్కడో నాకు ఎవరి మీద కోపమో మర్చిపోయాను. నాన్నగారు మాత్రం కదల్లేదు. నన్నే చూస్తున్నారు.

అంతా అయ్యాక గొడుగు పెద్దాయన స్టేజీ దగ్గరికి వచ్చి, "డాక్టరుగారు రాలేదు గానీ, నాకు మాత్రం బాగా వినపడిందండి" అని చెప్పి వెళ్ళారు. ఆ వెనకే నాన్నగారు, అమ్మ. ఆయన నోట మొదటి మాట ఏమొస్తుందా అని చూస్తున్నాను.

"ఏమే" అన్నారు.

నాకు కళ్ళ నీళ్ళు వచ్చేశాయి.

ఆయన అది పట్టించుకోకుండా నోటు పుస్తకం తెరిచారు. "మూడో పాటలో 'గదమాయించిన గొంతు' అన్నావు. నేను నిన్ను ఎప్పుడు గదమాయించేనే?"

"మొన్న వేసవిలోనండి. నేను బెంగుళూరెళ్ళి సంగీతం నేర్చుకుంటానంటే... కంచం తోసేసి, ఎర్రగా చూస్తా పెద్దగా అరిచేరు కదండీ."

"అదా! అది గదమాయించడం కాదే. చేపముల్లు అడ్డం పడింది. కావాలంటే మీ అమ్మనడుగు."

"నిజవేనే" అంది అమ్మ. "నేనే అన్నం ముద్ద మింగించేను. నువ్వప్పటికే తలుపేసేసుకున్నావు."

ఆ పాట రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఎనిమిది పాటల్లోకీ అదే గొప్పదని నా అభిప్రాయం. అది ఒక చేపముల్లు గురించి రాసిన పాటని అప్పుడు తెలిసింది.

"ఇంకోటి" అన్నారు నాన్నగారు, గొంతు కాస్త తగ్గించి. "ఆ ఫ్లెక్సీ షాపతను నా దగ్గర చదువుకున్నవాడే. మీ అమ్మాయిగారిదండీ మాస్టారూ, ఒకసారి తప్పులు చూసి పెట్టండని నాకు పంపేడు. చూసేను. ఒక న ఎక్కువున్నట్టనిపించింది. కొట్టేసేను."

"నాన్నగారూ! అది తప్పు కాదండీ! అదే నా ఆల్బమ్ పేరండీ!"

"ఎవరన్నా నలుగుర్నీ పిలిచి, కుర్చీలేసి కూచోబెట్టి, మీ మాట నేను విననండి అంటారటే? వినండి అంటారు గాని." పెన్ను జేబులో పెట్టుకున్నారు. "వినమన్నావు, విన్నాను. దరఖాస్తుదేముంది, ఈసారి కాకపోతే మళ్ళీ వస్తుంది. ఇంకో ఏడాది పాడుకో." ఇరవై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషికి ఆ రెండు మాటలకీ తేడా తెలీకపోతుందా? తెలిసే కొట్టేశారా? అడిగితే నిజం చెప్పేవారు కాదని తెలుసు గనక నేను అడగలేదు.

ఆల్బమ్ ఆ వారమే "వినండి" పేరుతోనే నెట్‌లో పెట్టాం, హాల్లో జనం పలుకుతుండగా రికార్డయిన పాటతో సహా. ఆ తరవాత కొన్నాళ్ళు నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. కువైట్ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అక్కా, మా రూములో అందరం పాడేస్తున్నాం. ఆ ఆయ్ వింటంటే మన సెంటర్లో నించున్నట్టుందే" అన్నాడు. వెనక పదిమంది ఆయ్ అని అరిచారు. హైదరాబాద్‌లో రాక్ సంగీతం మీద రాసే ఒకాయన నెట్‌లో పేజీన్నర సమీక్ష రాశారు. "ఆయ్ అన్న ఆ ఒక్క కేకలో తరతరాల అణచివేత మీద తీరప్రాంతం చేసిన గర్జన వినిపిస్తుంది" అన్నారు. నాన్నగారు దాన్ని స్టాఫ్ రూములో పైకి చదివి వినిపిస్తే లెక్కల మాస్టారు, "గర్జనేంటండీ, అమ్మాయి అడిగింది గదాని పలికేం" అన్నారట. శ్రావణం రాగానే బాబాయి ఆ పాటని ఊరేగింపుల్లోకి తీసుకెళ్ళిపోయాడు. తండ్రి మాట విననని నేను రాసుకున్న పాటకి, పెళ్ళికూతుళ్ళ తండ్రులు తువ్వాలు గాల్లో తిప్పుతూ చిందులేశారు. మొదటిసారి చూసినప్పుడు సందులోకి తప్పుకున్నాను. రెండోసారి నేనూ వెళ్ళి వాళ్ళ మధ్యన గెంతాను.

మరుసటి వేసవికల్లా జనం నోటికి కొత్త పాటలు వచ్చాయి. నేను రెండో ఆల్బమ్ మొదలెట్టాను గానీ మూడు పాటల దగ్గర ఆగిపోయింది. ఎలా సాగుతుంది? కోపం తెచ్చుకుని కూర్చుంటే నాన్నగారు తలుపు దగ్గరికి వచ్చి, "కొత్తదేవన్నా రాసేవా? ఇలా ఇయ్యి, దిద్దిపెడతాను" అనేవారు. ఇంకో ఏడాదికి పరీక్ష నా అంతట నేనే రాశాను. ఇప్పుడు గోదారి అవతల ఒక హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను.

పోయిన నెల సాయంత్రం స్కూలు నుంచి వస్తూ చించినాడ వంతెన మీద స్కూటీ ఆపాను. మబ్బు పట్టి గాలి బాగా వీస్తోంది. "తలుపు తియ్యండి" పాట చివర ఒక పెద్ద కేక ఉంటుంది. ఆ రోజుల్లో ఊపిరి తియ్యకుండా, గొంతు వణక్కుండా పట్టేదాన్ని. ఇప్పుడు వస్తుందా అని సరదా పుట్టింది. అటూ ఇటూ చూసి, కమ్మీ పట్టుకుని, గట్టిగా ఎత్తుకున్నాను. సగంలో గొంతు చీలిపోయి దగ్గు వచ్చింది. ఈలోగా కొబ్బరికాయల బస్తాతో వెళుతున్న మోటార్ సైకిలాయన గబుక్కున ఆపేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ? ఎవరన్నా పడిపోయేరా అండీ?" అన్నాడు, కిందికి నీళ్ళలోకి తొంగి చూస్తూ.

"లేదండీ. ఏమీ లేదండి. పాటండి."

ఆయన ఒకసారి గోదారినీ, ఒకసారి నన్నూ చూశాడు. "పాటేనాండీ?" అన్నాడు. నేను స్కూటీ ఎక్కి బయలుదేరేదాకా అక్కడే నిలబడ్డాడు పాపం. ఇరవై మూడేళ్ళప్పుడు నేను నిజంగా కోపంతో అరిస్తే ఊరంతా పాట అనుకుని చిందులేసింది. ఇప్పుడు నేను పాట పాడితే ఎవరో మునిగిపోతున్నారనుకుంటున్నారు. వంతెన దిగేదాకా ఆ పిల్లని తలుచుకుని నవ్వుకుంటూనే వచ్చాను. కొంచెం అసూయ కూడా వేసింది.